ముయ్యలికుట్టు
(మార్టూరు గ్రంథాలయమున చదువరుల సభలో చేసిన యుపన్యాస పాఠము)



ఈ ప్రాంతమున పత్తిచేల నడుమను మిరపతోటల నడుమను జీవితమంతయు తిరుగాడిన పెద్దల నడిగిచూడుడు. మూడు గ్రామముల పొలిమేరలు కలియుచోట నొక రాయి యుండెడిదని వారు చెప్పుదురు. ఆ రాయి నేడెక్కడ నున్నదని మఱల నడిగినచో చేయి చాపి దిక్కు చూపుదురేగాని, అడుగువేసి చోటు చూపజాలరు. మన నల్లరేగడి నేల వేసవిలో నెఱ్ఱెలు విచ్చును, వానకు ఉబ్బును. అందు నాటిన రాయి యేటేట నొకింత యొరగి, తుదకు క్రుంగిపోవును. క్రుంగినదానిని ఎత్తి నిలిపినవారు లేరు. కొన్ని రాళ్లు ట్రాక్టరు నాగళ్లకు లేచిపోయినవి. కొన్ని యిండ్లకు చేరి బట్టలుదుకు బండలైనవి.

రాయి పోయిన నేమి, నేల యక్కడనే యున్నదిగదా యని నవ్వువారు కలరు. ఆ నవ్వు ఎంత ఖరీదైనదో చెప్పుటకే నేటి సాయంకాలము మేమిచట నిలిచితిమి. మూడు పొలిమేరలు కలియుచోటు తేలకపోవుటచే హిమాలయములపై రెండు మహారాజ్యముల సైన్యములు ఎదురెదురుగా నిలువబడినవి. మన తెలుగునేల యంచున కొండలకు కొండలే యెగిరిపోయినవి. ఈ రెండింటి మూలమును, మన పొలములోని రాయి మూలమును ఒక్కటియే యని మా నమ్మకము.

మన పూర్వులు ఈ చోటునకొక పేరు పెట్టిరి. తూర్పు చాళుక్య రాజుల తామ్రశాసనములు చదివినవారు ఆ పేరెఱుగుదురు. దానమిచ్చిన గ్రామమునకు నాలుగు దిక్కుల ఎల్లలు చెప్పునప్పుడు, మూడు ఊళ్ల యెల్లలు కూడుచోటును ముయ్యలికుట్టు అని వ్రాసిరి. మూడు ఎల్లలను కలిపి కుట్టినచోటను భావము ఆ మాటలో ధ్వనించుచున్నది. మఱియొక విశేషము గమనింపుడు. ఆ శాసనములలో రాజవంశ ప్రశస్తి సంస్కృతమున సాగును. ఎల్లలు చెప్పవలసిన తావు వచ్చుసరికి తెలుగుమాటలు దిగును. ఏ గుంట, ఏ పుట్ట, ఏ చెట్టు, ఏ త్రోవ, అంతయు ఊరివారి మాటలోనే యుండును. రాజు కీర్తి పండితునకు తెలిసిన చాలును. పొలిమేర మాత్రము దున్నువానికి తెలియవలెను. సరిహద్దు ఎవరి భాషలో వ్రాయవలెనో వేయి సంవత్సరముల క్రిందటనే మనవారికి తెలిసియుండెను.

ధర్మశాస్త్రములును ఈ విషయమున అజాగ్రత్త చూపలేదు. సీమావివాదమును మనువు ప్రత్యేకముగా విచారించెను. హద్దున చెట్లు నాటవలెనని, నేలలోపల బొగ్గులు, ఎముకలు, ఊక, ఇటుకలు, పెంకులు వంటి కాలమునకు చెడని గుఱుతులు పాతిపెట్టవలెనని విధించెను. పైగుఱుతును దొంగ పీకివేయగలడు, లోగుఱుతును పీకలేడు. గుఱుతులు బయటపడు జ్యేష్ఠమాసముననే హద్దు తేల్చవలెననియు, సాక్షులు తలపై మన్నుంచుకొని, ఎఱ్ఱని పూలమాలలు వేసికొని సత్యము పలుకవలెననియు చెప్పెను. తలపై ఆ మన్నున్నవాడు అబద్ధమాడుటకు జంకునని గదా ఈ యేర్పాటు!

ఇక విషయమునకు వత్తము. ఇద్దఱి నడుమ హద్దునకును, మువ్వురు కలియు బిందువునకును గొప్ప భేదము గలదు. ఇద్దఱి నడుమ గీత మూరెడు అటు జరిగినను ఇటు జరిగినను ఆ యిద్దఱే కూర్చుండి రాజీపడవచ్చును. మూడవవాని సొమ్ము పోదు. ముయ్యలికుట్టు అట్టిది కాదు. అది మూడు గీతలకు కొస. కొస యొక్క మూర జరిగిన, మూడు గీతలును తమ దారి మార్చుకొనును. కావున ఆ బిందువును నిర్ణయించు నధికారము ఏ యిద్దఱికిని లేదు. మువ్వురును వచ్చి, చూచి, ఔనన్నప్పుడే అది నిలుచును. ఈ సామాన్యసూత్రమును మఱచుటయే సకలానర్థములకును మూలము. నిదర్శనములు చూపెదము.

1890 మార్చి 17వ తేదీన కలకత్తాలో ఆంగ్లప్రభుత్వమును చైనా చక్రవర్తి ప్రభుత్వమును సిక్కిము, టిబెట్టుల సరిహద్దును గూర్చి యొక సంధి వ్రాసికొనిరి. అందలి మొదటి ప్రకరణమున రెండు సంగతులున్నవి. సిక్కిములోని తీస్తానదికి పోవు నీటిని, టిబెట్టులోని మోచూ మొదలగు నదులకు పోవు నీటిని విడదీయు కొండవరుస శిఖరరేఖయే హద్దు అనునది యొకటి. ఆ హద్దు భూటాను సరిహద్దునగల గిప్మోచి శిఖరమున మొదలగునను నది రెండవది. చదువుటకు రెండును చక్కగానే యున్నవి. కాని నీళ్లు విడిపోవు ఆ గట్టును పట్టుకొని పోయినచో, మూడు దేశముల ఎల్లలు కలియుచోటు బటాంగ్ లా అను కనుమవద్ద తేలునని భారతదేశమును భూటానును చెప్పుచున్నవి. గిప్మోచి దానికి 6 కిలోమీటర్లకు పైగా దక్షిణముగా నున్నది. చైనావారు శిఖరపు పేరును పట్టుకొనిరి. మనవారు నీటివాలును పట్టుకొనిరి. ఒకే ప్రకరణములోని రెండు వాక్యములు రెండు చోట్లను చూపుచున్నవన్నమాట.

దస్తావేజులు వ్రాయు మాబోటివారికి ఈ చిక్కు క్రొత్తదికాదు. ఎకరముల లెక్క యొకటి చెప్పి, చతుస్సీమలు వేఱొకటి చెప్పినప్పుడు, నేలపై కనబడు చతుస్సీమలే ప్రబలములని న్యాయస్థానములు సామాన్యముగా చెప్పుచుండును. కాని ఇచ్చట అంతకన్న పెద్ద లోపమున్నది. హద్దు భూటాను సరిహద్దున మొదలగునని వ్రాసిరి గదా, భూటాను సంతకమెక్కడ? లేదు. టిబెట్టు సంతకమెక్కడ? అదియు లేదు. ఇంటివారిద్దఱు లేని సమయమున ఇరుగుపొరుగువారు గోడ వేసికొన్నట్లున్నది ఈ సంధి. ఫలితము వెంటనే కనబడెను. 1895లో ఆంగ్లాధికారులు జెలెప్ లా కనుమవద్ద హద్దుస్తంభము నాటగా అది నిలువలేదు, పడగొట్టబడినది. తమ్మడుగని సంధిని టిబెట్టువారు మన్నింపలేదు. ఆ మనస్పర్ధలు ముదిరి 1904 నాటికి ఆంగ్లసైన్యము లాసా పట్టణమునకే చేరెను.

ఆ మూడవవాని కొఱత నూటయిరువదియేడేండ్లు నిదురపోయి 2017లో లేచి కూర్చుండెను. ఆ యేటి జూను మాసమున చైనా సైనికులు డోక్లాము పీఠభూమిలో రోడ్డు వేయ మొదలిడిరి. ఆ రోడ్డు పోవు దిక్కున జంఫేరి గట్టున్నది. దాని దక్షిణమున, మన యీశాన్యరాష్ట్రములను తక్కిన దేశముతో కలుపు సన్నని సిలిగురి నేలపట్టీ యున్నది. భూటాను అభ్యంతరము తెలిపెను. భారతసైనికులు వచ్చి రోడ్డు నాపిరి. రెండు నెలలకు పైగా ఉభయసైన్యములు ఎదురెదురుగా నిలిచి, ఆగస్టు 28న తొలగినవి. మువ్వురు కలియు బిందువులను ఆ మూడవదేశముతో సంప్రతించియే తేల్చవలెనని 2012లో భారత చైనా ప్రతినిధులు ఒప్పుకొనియుండిరని మన ప్రభుత్వము ఆ సందర్భమున జ్ఞాపకము చేసెను. 1890లో చేయవలసిన పని 2012లో కాగితముమీదికి వచ్చినది. 2017లో ఒకరు దానిని మఱచిరి.

ఇది మన యింటి మాట మాత్రమే కాదు. థాయిలాండు, లావోసు, కంబోడియాలు కలియుచోట అడవికొండలున్నవి. ఆ వైపు హద్దు కూడ ఫ్రెంచివారును సయాము రాజును 1904, 1907 సంవత్సరములలో వ్రాసికొన్న సంధులనుండి వచ్చినదే. అచ్చటను సంధిలో నీటివాలు, పటములో గీత, రెండింటికిని పొత్తు కుదరని చోట్లు మిగిలినవి. 2025 మే మాసమున ఆ ముక్కూడలి సమీపమున కాల్పులు జరిగి యొక కంబోడియా సైనికుడు మరణించెను. జూలైలో అయిదు దినములు రెండుదేశములు పోరాడినవి. ఇందుకు భిన్నముగా, ఉత్తరమున నార్వే, స్వీడను, ఫిన్లాండులు కలియుచోటు చూడుడు. అచ్చట 1897లో నార్వేయును, నాడు ఫిన్లాండు నేలుచున్న రష్యాయును రాళ్లగుట్ట పేర్చినవి. స్వీడనుకు నాడు సమ్మతి కుదరలేదు. నాలుగేండ్లకు, 1901లో, అదియు తన రాళ్లు తెచ్చి చేర్చెను. 1926లో సరస్సు నీటిలో సిమెంటు దిమ్మె కట్టిరి. నేడు యాత్రికులు ఆ దిమ్మె చుట్టు నవ్వుచు తిరుగుచున్నారు. మూడవవాడు నాలుగేండ్లు ఆలస్యముగా వచ్చినను సరే, వచ్చి తన రాయి తాను పెట్టుటయే ముఖ్యము.

ఇక మన తెలుగునేలకే దిగుదము. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మవతరించెను. అంతవఱకు రాయదుర్గము, బళ్లారి తాలూకాలు రెండును ఒకే బళ్లారి జిల్లాలోనివి. ఆదోని, ఆలూరు, రాయదుర్గము మనకు వచ్చినవి. బళ్లారి మైసూరునకు పోయినది. నాటివఱకు ఒకే జిల్లాలో రెండు తాలూకాల నడిమి గీత, ఆ దినమున రెండు రాష్ట్రముల హద్దైనది. పట్టణమెవరిదని ఊరేగింపులు తీసినవారు వేలు. అడవిలో గీత యెచ్చట పోవుచున్నదని యడిగినవారు అరుదు. ముండ్లకంపల కొండలకు నాడు వెలలేదు.

వెల తరువాత వచ్చినది. ఈ శతాబ్దారంభమున చైనాదేశపు ఉక్కుకర్మాగారముల గిరాకిచే ఇనుపరాతి ధర ఆకాశమునకెగసెను. అనంతపురము జిల్లా డి. హీరేహాళు మండలములోని ఓబుళాపురము, మలపనగుడి ప్రాంతపు కొండలపై గనులవారు దిగిరి. సరిహద్దు తెలియనిచోట గని త్రవ్వువానికి రెండింతల లాభము. ఈ వైపువారడిగిన ఆ వైపుదనవచ్చును. ఆ వైపువారడిగిన ఈ వైపుదనవచ్చును. కొండపై హద్దునకు గుఱుతుగా నుండిన సుగ్గులమ్మ గుడి ప్రేలుడుమందుతో కూలిపోయెను. హద్దుగుఱుతులు చెఱిగినవి. కొండశిఖరమే హద్దు గుఱుతయినప్పుడు, ఆ కొండనే తవ్వి లారీలకెత్తినచో, కొలతగాండ్రు గొలుసు పట్టుకొని వచ్చి దేనిని కొలువవలెను?

ఈ తగవు సుప్రీంకోర్టునకు పోయెను. తుమటి, విఠలాపురము, మలపనగుడి గ్రామముల పొలిమేరలు కలియు బిందువు ఎక్కడనునది అందలి ముఖ్యమైన చిక్కులలో నొకటి. మొదటి రెండు కర్ణాటకలోనివి; మూడవది మనది. ఆ యొక్క బిందువు తేలినగాని దానినుండి బయలుదేరు గీత తేలదు. గీత తేలినగాని ఏ గని యెవరి నేలలో నున్నదో తేలదు. 2013 ఏప్రిల్ 18న ఇచ్చిన తీర్పులో ఆ న్యాయస్థానము, సర్వే ఆఫ్ ఇండియావారు రాష్ట్రముల హద్దు తేల్చువఱకు సరిహద్దున నున్న 7 గనుల పని నిలిపియుంచెను. 2017 డిసెంబరులో హద్దు కొలిచి గుర్తింపవలసినదని మఱల నాజ్ఞాపించెను. సుప్రీంకోర్టు యెదుట వాదము నడచిన ఈ వ్యవహారమునకు మూలము, మన చేలలో బట్టలుదుకు బండయైన ఆ రాయివంటి దొక్కటి లేకపోవుటయే.

ఇచ్చటను మూడవవాడెవడని మీరడుగవచ్చును. రెండు రాష్ట్రములు వాదములాడినవి, గనులవారు వాదములాడిరి. ఆ కొండపై మేకలు కాచుకొనువారు, గుడిలో కొబ్బరికాయ కొట్టువారు, ఆ యడవి తమదియని నోరువిప్పి చెప్పలేని ప్రజలు, వీరే ఆ మూడవవారు. వారిని సాక్షులుగా పిలిచియుండిన, తలపై మన్నుంచుకొని గుడి యెక్కడనుండెడిదో వారే చూపియుందురు. రెండువందల సంవత్సరముల క్రిందట కాలిన్ మెకంజీ దేశము కొలుచునప్పుడు, ఏలూరి కావలి సోదరులవంటి తెలుగువారిని తోడు గొని, ఊరూర కరణముల చెంతను వృద్ధుల చెంతను వృత్తాంతములు వ్రాయించెను. ఆ కైఫియత్తులు నేటికి నున్నవి. అతడు 1815లో భారతదేశమునకు మొదటి సర్వేయర్ జనరలు అయ్యెను. పరదేశీయుడై వచ్చినవాడే ఊరివారినడిగి తెలిసికొనెను. మనకు ఊరివారి నడుగ తీరికలేదు!

ఇతరుల తప్పులు చెప్పినవారము మా తప్పునుకూడ చెప్పుట ధర్మము. సుమారు పది సంవత్సరముల క్రిందట రెండూళ్ల రైతులిద్దఱు గట్టు తగవుతో మాకడకు వచ్చిరి. ఇద్దఱి పొలములును పొలిమేరమీదనే. కొట్లాటలాడి, కోర్టులకు తిరిగి, అలసియుండిరి. మేము వారిని కూర్చుండబెట్టి రాజీ కుదిర్చితిమి. మూల ఇక్కడయని ఇద్దఱును ఒప్పిరి, రాయి పాతితిమి, రాజీపత్రమును మేమే వ్రాసితిమి, కోర్టువారు దానిని డిక్రీ చేసిరి. ఊరివారు మెచ్చుకొనిరి. మేమును లోలోపల మెచ్చుకొంటిమి.

ఆ మూల మూడవ గ్రామపు పొలమునకును మూలయే. ఆ పొలము ఒక వితంతువుది. కొలతనాడు ఆమె మిరపకాయల బస్తాలతో గుంటూరు యార్డులో నున్నది. ఆమెను పిలువవలెనని మాకు తోచలేదు. రెండేండ్లకు ఆమె తన పటము పట్టుకొని వచ్చి, మేము పాతించిన రాయి తన చేనిలో నున్నదని చూపెను. పటము ఆమెవైపే పలికెను. ఆమె కక్షిదారు కాని డిక్రీ ఆమెను కట్టజాలదు. రాయి పీకిరి. దానితో తక్కిన ఇద్దఱి గీతయు చెడెను; రాజీ చెడెను; వ్యాజ్యములు మఱల మొదలైనవి. ఆ తగవులలో ఒక రైతు చేను అమ్ముకొనెను. కలకత్తా సంధి వ్రాసినవారిని మేము తప్పుపట్టునప్పుడెల్ల ఆ చేను మాకు జ్ఞాపకమునకు వచ్చును. వారు చేసినది దేశముల పరిమాణమున. మేము చేసినది సెంట్ల పరిమాణమున. తప్పు మాత్రమొక్కటియే.

ఈ మాటలు నేడేల యందురా? 2020 డిసెంబరులో కృష్ణాజిల్లా తక్కెళ్లపాడున ఆరంభమై రాష్ట్రమున భూముల పునఃకొలత సాగినది. ఆకాశమున డ్రోను తిరుగును. ఉపగ్రహము సెంటీమీటర్లలో చోటు చెప్పును. మేము యంత్రమును నిందింపము. గొలుసుకన్న అది నిక్కమైనదే. కాని మీరు నిలిచియున్న చోటెక్కడనో ఉపగ్రహము చెప్పునేగాని, మీ హద్దెక్కడ నుండవలెనో చెప్పదు. అది మీరును మీ పొరుగువారును చెప్పవలెను. మీరు లేనినాడు మీ పొరుగువాడొక్కడే చెప్పును.

కావున న్యాయవాదులముగా నాలుగు మాటలు విన్నవించెదము. కొలత నోటీసు వచ్చిననాడు స్వయముగా పొలమునకు పొండు; పట్నమున నున్న అన్నదమ్ములకు జాబు వ్రాయుడు. మీ మూలకు మూడవ పొరుగువాడెవడో కనుగొని, వాడు రానిదే మూల కొలువవలదని గట్టిగా పలుకుడు. అభ్యంతరమున్న వ్రాతపూర్వకముగా నిండు. నోటిమాట గాలికి పోవును. 1923 నాటి సర్వే హద్దుల చట్టము ప్రకారము, కొలత ముగిసినట్లు ప్రకటన వెలువడినపిదప, సివిలు కోర్టు డిక్రీచే మార్పబడినగాని ఆ లెక్కయే తిరుగులేని సాక్ష్యము. ఆ దావాకు గడువు ప్రకటన తేదీనుండి 3 సంవత్సరములు. నాలుగవయేట కన్నీరు పెట్టుకొనిన చట్టము చూడదు. తుదిమాట, మీ పొలము హద్దురాళ్లను కాపాడి, పడినదానిని నిలుపు భారము అదే చట్టము పట్టాదారునిపైననే యుంచినది. రాయి సర్కారుదని చేతులు దులుపుకొనుటకు వీలులేదు.

ఈ మార్టూరు 1970 వఱకు గుంటూరు జిల్లాలోనిది. ఆ యేట ఒంగోలు జిల్లాలో చేరెను. 1972లో ఆ జిల్లా ప్రకాశము పంతులుగారి పేరు దాల్చెను. 2022 ఏప్రిలులో ఈ గ్రామము బాపట్ల జిల్లాలోనికి వచ్చెను. పై పేరు ఇన్నిమార్లు మాఱినను ఊరి పొలిమేరలు మాత్రము ఉన్నచోటనే యున్నవి. ప్రభుత్వముల గీతలన్నియు తుదకు ఆ పొలిమేరలమీదనే యానియున్నవి. దేశపు సరిహద్దును హిమాలయములపై సైనికుడు కాచుచున్నాడు. ఈ పొలిమేరరాతిని కాచుటకు సైనికుడు రాడు.

మా కోరిక చిన్నది. ఈ సభనుండి ఇంటికి పోయినవారు పదుగురు, వచ్చు జ్యేష్ఠమాసమున, చేలు ఖాళీగా నున్నప్పుడు, మూడూళ్ల పెద్దలను పిలిచికొని పొలిమేరలు త్రొక్కుడు. పటములు చేత పట్టుకొనుడు. పశువులు కాచినవారిని వెంట తీసికొనుడు. స్త్రీల పేర పొలములున్నచో ఆ స్త్రీలనే పిలువుడు, వారి బంధువులను గాదు. క్రుంగిన రాయి కనబడిన దానిని మీరు కదపవలదు. గుఱుతుపెట్టి, అధికారులకు వ్రాసి, అందఱి సమక్షమున నిలిపింపుడు. మువ్వురు చూచుచుండగా నిలిచిన రాతిని పీకుటకు ఏ యొక్కనికిని చేయిరాదు. మేమును వత్తుము. ఆ వితంతువు చేనిమూలనుండియే నడక మొదలిడుదము. మొదట ఆమె యనుమతి యడిగి.